ఇరవై ఆరు నిమిషాలు

ఇంజిన్ల హోరు ఒక మెట్టు కిందికి దిగింది. విమానంలో ఉన్న నూట అరవై మందిలో ఆ సంగతి చెవిని పడింది అతనొక్కడికే. మిగతావాళ్ళలో కొందరు నోళ్ళు తెరుచుకుని నిద్రపోతున్నారు, కొందరు కాగితం కప్పుల్లో కాఫీ ఊదుకుంటున్నారు, ముందు వరసలో ఒకావిడ కిటికీకి ఫోను ఆనించి కింద సముద్రాన్నీ చెల్లాచెదురుగా పడి ఉన్న దీవుల్నీ ఫోటో తీసుకుంటోంది, ఎవరి గొడవ వాళ్ళది. అతను మాత్రం కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని ఆ హోరునే వింటున్నాడు. తగ్గించాడు, ముందు కూర్చున్న పైలట్ వేగం తగ్గించాడు, వెనకనుంచి గాలి తోస్తూ, దారిలో మబ్బు లేకుండా, విమానం కాలపట్టిక కంటే ముందు నడుస్తుంటే తగ్గించాల్సిందే, అది పద్నాలుగో నిబంధన, ఆ పద్నాలుగో నిబంధన రాసిన మహానుభావుడు ఇదిగో ఇక్కడ పదిహేడో వరస మధ్య సీట్లో నలిగిపోతూ కూర్చున్నాడు. ఉరుకులు పెట్టి ఏం సాధిస్తారు, ముందొస్తే గేటు దొరకదు, ఇంధనం దండగ, నిదానంగా వెళ్ళండి అని పైలట్లకి నచ్చజెప్పి, నచ్చనివాళ్ళతో బల్ల గుద్ది వాదించి, పై అధికారి చేత సంతకం పెట్టించిన మనిషి. ఇప్పుడు చెల్లెలు ఆస్పత్రి మంచం మీద ఉంది. పదకొండున్నరకి ఆమెని ఆపరేషన్‌కి తీసుకెళ్తారు. తలలో గడ్డ. ప్రాణానికి భయం లేదుగానీ తీశాక మాట ఉంటుందో ఉండదో, మనుషుల్ని పోల్చుకుంటుందో లేదో చెప్పలేమన్నారు. ఆమెకి తెలివి ఉండగా చెప్పాల్సిన మాట ఒకటి అతని దగ్గర మూడేళ్ళుగా ఉంది.

ఎదురు సీటు వెనక చిన్న తెర మీద ఒక గీత, గీత మీద బొమ్మ విమానం, కింద రెండు ముక్కలు. దూరం వెయ్యిన్నూట నలభై రెండు కిలోమీటర్లు, ప్రయాణ సమయం రెండు గంటల ఇరవై నిమిషాలు. కంపెనీ వెబ్‌సైటులోనూ అవే ఉంటాయి, ఈ ఊరికీ ఆ ఊరికీ ఎంత దూరం అని ఎవరు వెతికినా అవే కనబడతాయి. అందులో మొదటిది నిజం, ఊళ్ళు కదలవు గనక అది ఎప్పటికీ నిజమే. రెండోది అతని సొంత కల్పన. మామూలుగా నడిపితే ఈ గేటు నుంచి ఆ గేటుకి గంటా యాభై నాలుగు నిమిషాలు, అంతకంటే పట్టదు. మిగతా ఇరవై ఆరూ అతను కలిపినవి. ఆలస్యంగా వచ్చే విమానాన్ని తొందరగా తేవాలంటే సామాన్ల వాళ్ళని, ఇంధనం వాళ్ళని, తుడిచేవాళ్ళని, ఎంతమందినో కదిలించాలి, అదే వచ్చే సమయాన్ని వెనక్కి జరపాలంటే ఒక్క మనిషి ఒక్క గడిలో ఒక్క అంకె మారిస్తే చాలు. ఆ మనిషి అతను. ఆఫీసులో అతన్ని నిమిషాలాయన అంటారు, మొదట వెటకారంగా అన్నారు, తరువాత కంపెనీకి సమయపాలనలో మొదటి స్థానం వచ్చాక గౌరవంగా అంటున్నారు. ఆ గాజు జ్ఞాపిక ఇప్పటికీ అతని బల్ల మీదే ఉంది, పెన్నులు పెట్టుకోవడానికి కూడా పనికిరాదు.

"ఎవరేమన్నా చెప్పండి, ఈ కంపెనీ విమానాలే విమానాలండీ," అంది పక్కనున్న పెద్దావిడ. తాళాలూ గొళ్ళాలూ అమ్మే దుకాణం ఆవిడది, కూర్చున్న ఐదు నిమిషాల్లోనే ఆ సంగతి చెప్పేసింది. "చెప్పిన టైముకి ఠంచనుగా దిగుతాయి. నేను నెలకోసారి తిరుగుతాను కదా, ఒక్కనాడు ఆలస్యమైతే ఒట్టు."

"అవునండీ," అన్నాడతను. ఇంకేమంటాడు, ఆవిడ మెచ్చుకుంటున్నది తననేనని చెప్పుకుంటాడా?

చెల్లెలి భర్త నుంచి ఫోనొచ్చింది, నాలుగు రోజుల కిందట కాదు, ఐదు, ఐదు రోజుల కిందట. చెప్పొద్దంది బావగారూ, నేనే ఉండబట్టలేక చెప్తున్నాను అన్నాడు పాపం. నోరులేని మనిషి, బడిలో లెక్కల మాస్టారు, గొంతు పెంచడం పిల్లల మీద కూడా చేతకాదు. ఆ రోజే బయలుదేరొచ్చు. రోజుకి నాలుగు విమానాలు, సొంత కంపెనీ, ఎవరిని అడిగినా సీటిస్తారు. బయలుదేరలేదు. కాలపట్టిక ముందు పెట్టుకుని కూర్చున్నాడు, ఏ విమానం ఎక్కితే ఎన్నింటికి ఆస్పత్రిలో ఉంటాడో లెక్క వేసుకున్నాడు, అప్పటికి ఆపరేషన్ పన్నెండూ పదికి. పదకొండింటికి గేటు, పదకొండూ పదికి బయట, అక్కడ్నుంచి కారులో పాతిక నిమిషాలు, పదకొండూ ముప్పై ఐదుకి ఆమె ముందు. ముప్పై ఐదు నిమిషాలు. చెప్పడానికి చాలు, చెప్పాక ఆమె మొహం చూస్తూ ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు, ఆమె ఒక ప్రశ్న వెయ్యబోయేలోపు తెల్లబట్టల వాళ్ళొచ్చి మంచాన్ని తోసుకుపోతారు. అందుకే ఈ విమానం. ఆఫీసులో పనుంది, అందుకే రాలేకపోయానని చెప్పడానికి ఒక అబద్ధం కూడా తయారుగా పెట్టుకున్నాడు. తీరా విమానం తలుపు మూసే ముందు మళ్ళీ ఫోను, ఆపరేషన్ ముందుకి జరిపారట బావగారూ, పదకొండున్నరకే లోపలికి తీసుకెళ్తారట, మీరొచ్చేస్తారుగా అని. వచ్చేస్తాను అన్నాడు. ఐదు నిమిషాల తేడాతో రాలేడని ఆ క్షణమే తెలుసు, విమానాన్ని విమానంలా నడిపితే తప్ప. ఒక్క పూట ముందు బయలుదేరి ఉంటే ఈ కూడికలూ తీసివేతలూ అక్కర్లేదు, అంత భయమేమిటి ఆమెంటే, ఆమె ఏనాడైనా ఒక మాట అందా. అనలేదు, అదే భయం.

తమ్ముణ్ణి, చిన్నోడిని, చంకనేసుకుని చెల్లెలు తిరిగిన రోజులు కళ్ళముందు కదిలాయి. అమ్మ బట్టల మిల్లులో రెండో షిఫ్టుకి వెళ్ళేది, మధ్యాహ్నం వెళ్తే మళ్ళీ అందరూ పడుకున్నాక రావడం. తనకి పద్నాలుగు, చెల్లెలికి పదకొండు, చిన్నోడికి ఏడాదిన్నర. కుడిచేత్తో చెయ్యాల్సిన పనులన్నీ ఎడమచేత్తో చెయ్యడం నేర్చుకుంది, కుడిచంక వాడిది. ఎడమచేత్తో రాసేది, ఎడమచేత్తో ఇల్లు ఊడ్చేది, బడిలో టీచరమ్మ నీది ఎడమచేతివాటమా అంటే కాదండీ, మా తమ్ముడివాటం అందట. క్లాసంతా నవ్విందని ఇంటికొచ్చి చెప్పి తనూ నవ్వింది. వాడికి మొదట వచ్చిన మాట అమ్మ కాదు, అక్క. పెద్దయ్యాక లిఫ్టులు బాగుచేసే పనిలో చేరాడు, నూనె మరకల చొక్కాతోనే అన్నయ్య ఆఫీసుకొచ్చి, మా అన్నయ్య జనాన్ని అడ్డంగా పంపిస్తాడండీ, నేను నిలువుగా పంపిస్తాను, ఇద్దరం రవాణా శాఖే అని అందరి ముందూ అనేవాడు. పరువు తీస్తున్నాడని విసుక్కునేవాడు తను. అక్కకి పెళ్ళై సముద్రం దాటి వెళ్ళేరోజు వాడు బాత్‌రూమ్‌లో దూరి తలుపేసుకున్నాడు, పందొమ్మిదేళ్ళ గడ్డం మొహంతో. ఎంత దూరంరా, రెండు గంటలేగా, అన్నాడు తను తలుపు మీద కొడుతూ. దూరం అడిగితే కిలోమీటర్లు చెప్పకుండా గంటలు చెప్పడం తన వృత్తిదోషం, గంటలు చెప్తే దగ్గరగా ఉన్నట్టుంటుంది. ఇల్లు దాటి, ట్రాఫిక్ దాటి, వరసల్లో నిలబడి, చెప్పులు విప్పి, చెప్పులు తొడుక్కుని, మళ్ళీ అవతల వరసల్లో నిలబడి, మళ్ళీ ట్రాఫిక్ దాటేసరికి ఆ రెండు గంటలూ ఆరవుతాయని తనకంటే బాగా తెలిసినవాడు ఎవడున్నాడు. తెలిసీ చెల్లెల్ని ఆ రెండు గంటల మాట అన్నాడు. తరువాత, చాలా తరువాత, అనకూడని రోజున.

ఐదో అంతస్తు నుంచి పడ్డాడు చిన్నోడు, లిఫ్టు గొయ్యిలోకి. పడకుండా నడుముకి పట్టీ పెట్టుకున్నాడు, పట్టీ కొక్కెమే ఊడింది. వెంటనే పోలేదు, ఏడు గంటలు ఉన్నాడు, అందులో చివరి మూడు గంటలు తెలివితో ఉన్నాడు. నొప్పి తెలియకుండా మందిచ్చారు గనక మాట నెమ్మదిగా వచ్చేది. అక్క బయలుదేరిందా. బయలుదేరింది. ఎక్కిందా. ఎక్కిందిరా, ఇంకాసేపట్లో ఇక్కడుంటుంది. ఎన్నింటికి దిగుద్ది. ఠక్కున చెప్పాడు తను, అడిగినవాడు తమ్ముడైనా ప్రయాణికుడైనా ఆ జవాబు నోట్లోనే ఉంటుంది, నాలుగూ పదికి. వాడు గోడ గడియారం వైపు చూపు తిప్పి, అయితే ఉంటాలే అన్నాడు. ఉంటాలే అన్నాడు, వేరే ఎవరికో సాయం చేస్తున్నట్టు. నాలుగూ ముప్పై ఎనిమిదికి పోయాడు. నాలుగూ నలభై తొమ్మిదికి ఆమె వార్డు గుమ్మంలో కనబడింది, పదకొండు నిమిషాల తేడా, రొప్పుతోంది, కాళ్ళకి చెప్పులు లేవు, ఎక్కడ వదిలేసిందో. అప్పుడు అన్నాడు, నర్సులు ఉన్నారు, బంధువులు ఉన్నారు, వాడితో పనిచేసేవాళ్ళు ఆరుగురు టోపీలు చేతుల్లో పెట్టుకుని ఉన్నారు, అందరూ వింటుండగా అన్నాడు.

"రెండు గంటల దారి. పొద్దున్న కబురు చేస్తే ఇప్పుడా రావడం? నీకోసం ప్రాణం బిగబట్టుకుని ఉన్నాడు వాడు. పెంచానంటావు కదా, ఇదేనా పెంచడం?"

ఆమె వాడి పాదాల దగ్గరికెళ్ళి దుప్పటి సరిచేసింది. ఆ రోజు ఎదురు చెప్పలేదు, తరువాతా చెప్పలేదు. అన్నాచెల్లెళ్ళ మధ్య ఆ మాట అలాగే ఉండిపోయింది, ఫోన్లో పిల్లలు బాగున్నారా, బాగున్నారు, నీ మోకాలు ఎలా ఉంది, ఫర్వాలేదు, అంతే, పక్కింటివాళ్ళు కూడా అంతకంటే ఎక్కువ మాట్లాడుకుంటారు.

ఇది ఒక ఎత్తు. దీని తరువాతది ఎవరికీ తెలియనిది. నాలుగోరోజు ఆఫీసుకి వెళ్ళగానే ఆ తేదీ విమానాల నివేదిక తీశాడు. ఎందుకు తీశాడో ఇప్పుడు ఒప్పుకోవచ్చు, ఈ ఎత్తున వినేవాళ్ళెవరూ లేరు, ఆమె ఏ విమానం ఎక్కిందో, ముందుది వదిలేసి తీరిగ్గా ఎక్కిందేమో చూసి, తను అన్న మాటకి ఒక రుజువు పెట్టుకుందామని. రుజువు దొరికింది. విమానం అనుకున్న సమయానికే లేచింది, గాలి కలిసొచ్చింది, పద్నాలుగో నిబంధన ప్రకారం వేగం తగ్గించారు, తొమ్మిది నిమిషాలు. అయినా ముందే దిగింది. ముందు దిగింది గనక గేటు ఖాళీ లేదు, గేట్లు కూడా తన కాలపట్టిక చూసే ఇస్తారు, రన్‌వే పక్కన పదిహేడు నిమిషాలు నిలబెట్టారు. ఆకాశంలో తొమ్మిది, నేల మీద పదిహేడు. నాలుగూ పదికి ఠంచనుగా గేటు చేరినట్టు నమోదైంది, ఆకుపచ్చ రంగులో. ఇరవై ఆరులోంచి పదకొండు తీసేస్తే పదిహేను, పదిహేను నిమిషాలు వాడి చెయ్యి ఆమె చేతిలో ఉండేది, ఏం మాట్లాడుకునేవాళ్ళో, ఏమీ మాట్లాడుకోకపోయినా వాడు ఆమెని చూసి పోయేవాడు. వెంటనే ఫోను చేసి చెప్పాల్సింది. చెప్పకపోగా ఆ కాగితం మడిచి, చించి, రెండు బుట్టల్లో వేశాడు, కాగితం చిరిగినా నివేదిక యంత్రంలో ఉంటుందని తెలిసినవాడే. నిబంధన మార్చాడా? మార్చలేదు. మారిస్తే ఎందుకు మార్చావని ఎవరైనా అడుగుతారు. ఆ ఏడాదే బహుమతి వచ్చింది. మెడ వంచి తీసుకున్నాడు, వినయమనుకున్నారు. ఆ మరుసటి నెలలో ఏదో సందర్భంలో బంధువుల ముందు మళ్ళీ, సమయానికి రానివాళ్ళ గురించి మాట వస్తే, అవునవును కొందరికి అలవాటే అన్నాడు. ఎందుకన్నాడు. ఆమె తప్పు ఎంత పెద్దదైతే తనది అంత కనబడదని, అంతే. ఇంకో కారణం ఉంటే బాగుండును, లేదు.

తొమ్మిదీ యాభై ఐదు. ఇంకా ఉంది వ్యవధి, ఇప్పుడు వేగం పెంచినా ఐదారు నిమిషాలు కలిసొస్తాయి, గేటు కావాలని పైలట్ గట్టిగా అడిగితే ఒక్కోసారి ఇస్తారు. బెల్లు నొక్కాడు. ఎయిర్‌హోస్టెస్ వచ్చి వంగింది, చిన్నపిల్ల, బొట్టుబిళ్ళంత నవ్వు.

"అమ్మా, మా చెల్లెలికి ఆపరేషన్. కాస్త తొందరగా తీసుకెళ్ళగలరేమో కెప్టెన్ గారిని అడుగుతారా?"

ఆమె మొహంలో నవ్వు పోయింది, నిజంగానే పోయింది, అయ్యో అంటూ ముందుకి పరుగులాంటి నడకతో వెళ్ళింది. దుకాణం పెద్దావిడ అతని మోచేతి మీద చెయ్యి వేసి, ఏం కాదు బాబూ అంది. తను ఫలానా అని కెప్టెన్‌కి కబురు పంపొచ్చు, నిమిషాలాయన అంటే ప్రతి పైలట్టుకీ తెలుసు, తిట్టుకోవడానికైనా తెలుసు. చెప్పలేదు. చెప్తే పైలట్ నవ్వుతాడు, నిబంధన మీకు వర్తించదా సార్ అంటాడు. ఇంకో దారి కూడా ఉంది, గుండె పట్టుకుని పక్కకి ఒరిగిపోతే చాలు, ప్రయాణికుడి ప్రాణం మీదికొస్తే పద్నాలుగూ ఉండదు పదిహేనూ ఉండదు, పూర్తి వేగం, దిగగానే గేటు, ఆ మినహాయింపు రాసిందీ తనే. అప్పుడు అంబులెన్సు వస్తుంది, ఆస్పత్రికే తీసుకెళ్తుంది, ఏ ఆస్పత్రికో. నాటకమని బయటపడితే ఉద్యోగం పోతుంది. ముప్పై ఏళ్ళ ఉద్యోగం. చెల్లెలు ఒకవైపు, విచారణ సంఘం ఒకవైపు, అతని చెయ్యి ఛాతీ దాకా లేచింది, చొక్కా బొత్తాం సర్దుకుని కిందికి దిగింది. అంతలో ఆ పిల్ల తిరిగొచ్చింది.

"కెప్టెన్ గారు మీకు చెప్పమన్నారు సార్. కంగారు పడొద్దన్నారు, చెప్పిన టైము కంటే ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాదట."

థాంక్స్ అన్నాడు. మంచినీళ్ళు ఇచ్చింది, తాగాడు. ఆ తరువాత సముద్రం అయిపోయి పొలాలొచ్చాయి, పొలాలు అయిపోయి రేకుల కప్పులొచ్చాయి, చెప్పాల్సిన మాటని లోలోపల వల్లె వేసుకున్నాడు. నువ్వు ఆలస్యం కాలేదమ్మా, నేనే ఆలస్యం చేశాను. ఎన్నిసార్లు అనుకున్నా రెండు వాక్యాలే, ఊపిరి తియ్యకుండా అనెయ్యొచ్చు. ఫోన్లో చెప్పొచ్చుగా అనే ప్రశ్నకి మూడేళ్ళుగా ఒకటే జవాబు చెప్పుకున్నాడు, ఇలాంటివి ఎదురుగా కూర్చుని చెప్పాలని. చక్రాలు నేలని తాకినప్పుడు పదీ ముప్పై ఏడు. రన్‌వే పక్కకి మళ్ళి, కొంచెం దూరం పాకి, విమానం ఆగింది. మనకి కేటాయించిన గేటు ఇంకా ఖాళీ కాలేదు, దయచేసి కూర్చునే ఉండండి అన్నారు. ఎవరూ విసుక్కోలేదు, ముందే వచ్చాంగా. అతను ఫోను ఆన్ చేశాడో లేదో అది చేతిలో వణికింది.

"బావగారూ, దిగారా? డాక్టరుగారు ముందే పిలిచేశారు, మత్తుసూది కూడా ఇచ్చేశారు. ఇప్పుడే తీసుకెళ్తున్నారు. తనకి ఇస్తున్నాను, ఒక్క మాట మాట్లాడండి."

ఇక గేటు దొరికినా సమయానికి చేరలేడు. మొదట్నుంచీ మామూలు వేగంతో వచ్చి ఉన్నా చేరేవాడు కాదు. నిమిషాల మీదికి నెట్టడానికి ఏమీ మిగల్లేదు, చెవి దగ్గర ఫోనుంది, నోరుంది, రెండు వాక్యాలున్నాయి. ఏవో చక్రాల చప్పుడు, ఎవరో జరగండి అంటున్నారు, ఆ తరువాత చెల్లెలి గొంతు, నిద్రలో మాట్లాడుతున్నట్టు బరువుగా.

"అన్నయ్యా, వచ్చావా. నేనొకటి చెప్పాలి, మళ్ళీ చెప్పగలనో లేదో. ఆ రోజు నాకు ముందు విమానం అందేదే. ఫోను రాగానే అట్నుంచటే వచ్చేస్తే అందేది. నేను ఇంటికెళ్ళి పెట్టె సర్దుకున్నాను. నెల రోజులకి సరిపడా బట్టలు. వాడు మంచం మీద ఉంటే నెలైనా చేసి పెట్టాలి కదా అనుకున్నాను, పోతాడనుకోలేదు. ఆ పెట్టె సర్దబట్టే..." చక్రాల చప్పుడు మాటని మింగేసింది, మళ్ళీ వినబడింది. "నువ్వన్నది నిజమే అన్నయ్యా. మూడేళ్ళుగా నీతో చెప్పడానికి మొహం చెల్లలేదు. ఒక్క మాట చెప్పు. నన్ను క్షమించావా?"

అతను నోరు తెరిచాడు. దుకాణం పెద్దావిడ అతని వైపే చూస్తోంది, కళ్ళు చెమర్చి. కిటికీ అవతల ఎండలో, విమానాలకి గేటు దారి చూపే ఎర్రచొక్కా మనిషొకడు రెండు కర్రలు చంకలో పెట్టుకుని ఖాళీగా నిలబడి ఉన్నాడు. ఇప్పుడు చెప్తే ఆమెకి అర్థమవుతుందా, మత్తులో ఉంది, ఆపరేషన్ ముందు మనసు కలత పెట్టకూడదేమో, ఆమె అడిగింది ఒక్క మాటే కదా, అది ఇస్తే ప్రశాంతంగా వెళ్తుంది కదా, ఇలా ఎంత త్వరగా దొరికాయో కారణాలు, ఒకదాని వెనక ఒకటి, ఏ ఒక్కటీ ఆలస్యం కాకుండా.

"క్షమించానమ్మా," అన్నాడు.

అవతల ఒక దీర్ఘమైన నిట్టూర్పు వినబడింది. ఫోను చేతులు మారుతున్న గరగరలో, దూరమవుతున్న చక్రాల చప్పుడులో, ఆమె భర్తతో చెబుతోంది, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"ఏవండీ, అన్నయ్య నన్ను క్షమించాడండీ."